థింక్‌ప్యాడ్ 600ఈ ప్రాజెక్టు డైరీ: ముందు కెమిస్ట్రీ, తరవాతే కరెంటు

బల్ల మీద ఉన్నది

ఐబీఎం థింక్‌ప్యాడ్ 600ఈ, టైప్ నంబరు 2645, 366 మెగాహెర్ట్జ్ మొబైల్ పెంటియం టూ, 13.3 అంగుళాల టీఎఫ్‌టీ తెర, 6.4 జీబీ హార్డ్ డిస్క్, పక్కన సీడీ డ్రైవ్. 1999 నాటి సరుకు. మా బాబాయి వైటూకే పనుల మీద అమెరికాలో ఉన్నప్పుడు కొనుక్కుని, తిరిగొచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్నాడు. కాకినాడ ఇంట్లో కొన్నాళ్ళు వాడి, కొత్తది వచ్చాక బీరువాలో బట్టల కింద పెట్టేశాడు. కలరా ఉండల మధ్య, సముద్రపు గాలిలో, అది అక్కడే ఉండిపోయింది. ఈ వేసవిలో కాకినాడ వెళ్ళినప్పుడు అడిగి హైదరాబాద్ తెచ్చుకున్నాను.

బాబాయి కోరింది ఒక్కటే. "మెషీన్ పనిచేస్తే సంతోషం, చెయ్యకపోయినా పర్లేదురా, అందులో నేను రాసుకున్న ఉత్తరాలున్నాయి, అవి మాత్రం తీసిపెట్టు." నాకు మాత్రం రెండూ కావాలి.

పాత లాప్‌టాప్‌లు కొన్ని విప్పి చూశాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఇది: వీటిలో చిప్‌లు అంత తొందరగా పోవు. ప్రాసెసరు, చిప్‌సెట్, మెమరీ పాతికేళ్ళు పక్కన పడేసినా మళ్ళీ లేస్తాయి. పోయేవన్నీ వాటి చుట్టూ ఉన్నవే, అంటే బ్యాటరీలోని రసాయనం, కెపాసిటర్‌లోని ద్రవం, ఫ్యాన్‌లోని నూనె, మూత మీది రబ్బరు పూత, స్క్రూలు పట్టుకునే ప్లాస్టిక్. అందుకే ఏ పాత లాప్‌టాప్ చేతికొచ్చినా నేను పవర్ బటన్ జోలికి చివర్లోనే వెళ్తాను. చాలామంది దొరగ్గానే చేతికందిన ఛార్జర్ గుచ్చి "ఆన్ అవుతుందా లేదా" అని చూస్తారు. బతికి ఉన్న బోర్డులు అలాగే పోతాయి.

మొదటి ఆదివారం: ముట్టుకోకుండా చూడటం

ముందు బ్యాటరీ తీసి పక్కన పెట్టాను. ఉబ్బలేదు, కారలేదు. కానీ ఇన్నేళ్ళు సున్నాలో పడి ఉన్న లిథియం అయాన్ సెల్‌కి మళ్ళీ ఛార్జింగ్ పెట్టకూడదు. సెల్ వోల్టేజి మరీ కిందికి పోయినప్పుడు లోపలి రాగి రేకు కరిగి, తరవాత ఛార్జ్ చేసేటప్పుడు లోపలే షార్ట్ అయ్యేలా పేరుకుంటుంది. ఈ మెషీన్ బ్యాటరీ లేకుండా అడాప్టర్ మీద నడుస్తుంది కాబట్టి ఆ ప్యాక్‌తో నాకు పనిలేదు. ఈ-వేస్ట్ తీసుకునే చోట ఇచ్చేయడానికి టర్మినల్స్ మీద టేపు వేసి పెట్టాను.

తరవాత వాసన. ఇది వింతగా అనిపించొచ్చు గానీ పాత లాప్‌టాప్‌ని ముక్కుతో చూడాలి. చేపల వాసనలాంటిది వస్తే కెపాసిటర్ ద్రవం కారినట్టు. తెర దగ్గర వెనిగర్ వాసన వస్తే ఎల్‌సీడీ మీది పోలరైజర్ పొర కుళ్ళుతున్నట్టు, 90ల మొదట్లో వచ్చిన తెరల్లో ఇది ఎక్కువ. నా దగ్గరున్న దానిలో కలరా ఉండల వాసన తప్ప ఇంకేమీ లేదు. ఆ వాసన కూడా మంచిది కాదు, నాఫ్తలీన్ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది. ఎలక్ట్రానిక్ సామాను బట్టల బీరువాలో పెట్టేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

అడుగున టార్చి వేసి చూస్తే పోర్టుల రేకుల మీద తెల్లటి పొడి, ఒకట్రెండు చోట్ల పచ్చదనం. తీరప్రాంతంలో ఉన్న ప్రతి మెషీన్‌కీ ఇది ఉంటుంది. పైపైనే ఉంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్షుతో పోయింది.

అడాప్టర్

ఈ భాగం మీద ఒక సాయంత్రం మొత్తం పెట్టాను, పెట్టాల్సిందే.

ఆ కాలం థింక్‌ప్యాడ్‌లు చాలావరకు 16 వోల్టుల మీద నడుస్తాయి. దీని అడాప్టర్ మీద 16 వోల్టులు, 3.36 ఆంపియర్లు అని ఉంది. 20 వోల్టులు వచ్చింది 2005-06లో, జెడ్60, టీ60 తరంతోనే. చిక్కేమిటంటే దీని పిన్ను 5.5, 2.5 మిల్లీమీటర్ల మామూలు గుండ్రటి పిన్ను, సరిగ్గా అదే కొలతలో 19 వోల్టులిచ్చే అడాప్టర్లు మార్కెట్లో కుప్పలుగా ఉన్నాయి. చక్కగా దూరుతుంది, గట్టిగా కూర్చుంటుంది, వోల్టేజి మాత్రం వేరు. "పిన్ను సరిపోయింది కదా" అని గుచ్చేముందు అడాప్టర్ వెనక చీటీ చదవాలి, చదివాక మీటర్ పెట్టి చూడాలి.

పాత అడాప్టర్‌ని మల్టీమీటర్‌తో చూస్తే 16.2 వోల్టులు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. లోడ్ లేకుండా, అంటే కరెంటు లాగేది ఏదీ తగిలించకుండా, చూసిన వోల్టేజి ఏమీ చెప్పదు. కోఠి గుజరాతీ గల్లీలో తెచ్చుకున్న 10 ఓమ్, 50 వాట్ల పవర్ రెసిస్టర్ నా దగ్గర ఒకటి ఉంది, దాన్ని అల్యూమినియం ముక్కకి బిగించి లోడ్‌గా వాడతాను. 16 వోల్టులకి 10 ఓమ్ అంటే 1.6 ఆంపియర్లు, అడాప్టర్ సామర్థ్యంలో సగం కూడా కాదు. తగిలించగానే 16.2 కాస్తా 13కి పడింది, అక్కడి నుంచి నెమ్మదిగా 11 దాకా జారింది, లోపల్నుంచి సన్నగా చీమ చిటుక్కుమన్నట్టు శబ్దం. లోపలి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు ఎండిపోయాయన్నమాట. అతికించిన డబ్బా కాబట్టి పగలగొడితే తప్ప తెరుచుకోదు. పైగా వైరు తొడుగు జిగురుగా మారి, పిన్ను దగ్గర చీలి రాగి కనపడుతోంది. దీన్ని బాగుచేసే ఆలోచన మానుకున్నాను.

దాని బదులు నా బెంచ్ పవర్ సప్లైని 16 వోల్టులకి పెట్టి, కరెంటు పరిమితి అర ఆంపియర్ దగ్గర ఉంచాను. లోపలెక్కడైనా షార్ట్ ఉంటే సప్లై అక్కడే ఆపేస్తుంది, బోర్డు కాలదు. బెంచ్ సప్లై లేనివాళ్ళు వోల్టేజి మార్చుకునే యూనివర్సల్ అడాప్టర్‌ని 16 దగ్గర పెట్టి వాడుకోవచ్చు, కానీ దానికి షార్ట్‌ని మర్యాదగా ఆపే తెలివి తక్కువ. ఇంకా బటన్ నొక్కలేదు. పిన్ను గుచ్చి, బటన్ నొక్కకుండా మెషీన్ ఎంత తాగుతుందో మాత్రం చూశాను. కొన్ని మిల్లీఆంపియర్లు. మంచి కబురు.

ఒక లోపం మాత్రం అప్పుడే బయటపడింది. పిన్నుని పైకీ కిందికీ కదిపితే రీడింగు సున్నాకి పోయి వస్తోంది. జాక్ కాళ్ళ దగ్గర సోల్డర్ పగిలి ఉంటుంది. పాత లాప్‌టాప్‌లన్నిటికీ ఉన్న జబ్బే ఇది, ఛార్జర్ మీద ఎవరో ఒకరు తట్టుకుంటూనే ఉంటారు కదా. విప్పినప్పుడు చూద్దామని రాసిపెట్టుకున్నాను.

హార్డ్ డిస్క్, అన్నిటికంటే ముందు

మెషీన్‌లో ఉంచి బూట్ చెయ్యకుండానే డిస్క్ కాపీ తీయాలని ముందే నిర్ణయించుకున్నాను. విండోస్ ఒక్కసారి బూట్ అయితే చాలు, డిస్క్ మీద ఎక్కడెక్కడో రాస్తుంది. ముసలి డిస్క్‌తో ఆ బరువు మోయించడం ఎందుకు.

ఇది 44 పిన్నుల 2.5 అంగుళాల ఐడీఈ డ్రైవ్, ఐడీఈ అంటే డిస్క్‌ని బోర్డుకి కలిపే పాత పద్ధతి. యూఎస్‌బీ కన్వర్టర్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ సామాను మార్కెట్టు సీటీసీలో ఇంకా దొరుకుతున్నాయి. రెండు జాగ్రత్తలు. డ్రైవ్ వెనక 44 పిన్నుల పక్కనే కొంచెం ఖాళీ వదిలి ఇంకో నాలుగు పిన్నులుంటాయి, అవి మాస్టర్-స్లేవ్ జంపర్ కోసం. కనెక్టర్‌ని ఒక వరస పక్కకి జరిపి గుచ్చితే 5 వోల్టులు వెళ్ళకూడని చోటికి వెళ్తాయి. సన్నటి పిన్నులు, 2 మిల్లీమీటర్ల దూరం, కళ్ళద్దాలు పెట్టుకుని ఖాళీ చోటు ఎటుందో చూసుకుని నెమ్మదిగా నొక్కాలి. 20వ పిన్ను ఉండదు, కనెక్టర్‌లో ఆ రంధ్రం మూసి ఉంటే దిక్కు తప్పే ప్రమాదం తగ్గుతుంది. రెండోది, ఆ కాలం డ్రైవ్‌లు తిరగడం మొదలుపెట్టేటప్పుడు ఆంపియర్ దాకా లాగుతాయి, మామూలు యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది అర ఆంపియర్. అది చాలక డ్రైవ్ టక్కుటక్కుమని లేచి పడిపోతుంటే "డిస్క్ పోయింది" అనుకుని పారేసినవాళ్ళని చూశాను. విడిగా పవర్ ఇచ్చే కన్వర్టర్ వాడితే చాలు.

పవర్ ఇచ్చాను. సన్నగా ఈల వేసినట్టు తిరగడం మొదలైంది. ఆ రోజుల్లో డ్రైవ్‌లకి బాల్ బేరింగులు, ఇప్పటి వాటిలా ద్రవం మీద తిరిగేవి కావు, కాబట్టి ఆ ఈల మామూలే. ఈల కాకుండా గీరుతున్న శబ్దమో, తాళం వేసినట్టు టక్ టక్‌మనో వస్తే వెంటనే ఆపేయాలి.

లినక్స్‌లో డీడీరెస్క్యూ పెట్టాను, పాడైన డిస్క్‌ల నుంచి కాపీ తీసే ప్రోగ్రాం అది. మొదటి రౌండులో కష్టమైన చోట్ల దగ్గర ఆగకుండా దాటుకుంటూ పొమ్మని చెప్పాను, ముందు సులభంగా వచ్చేదంతా చేతికి రానివ్వాలి. ఎక్కడిదాకా వచ్చిందో అది ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది, కరెంటు పోయినా ఆగిన చోట నుంచే మొదలుపెట్టుకోవచ్చు. మొదటి రౌండులోనే దాదాపు డిస్క్ మొత్తం వచ్చేసింది. మిగిలిన చిన్న చిన్న ముక్కల కోసం రెండో రౌండు, డిస్క్‌ని చల్లారనిచ్చి మూడో రౌండు. చివరికి చదవలేని సెక్టార్లు కొన్ని మిగిలాయి, అవి ఏ ఫైళ్ళలో పడ్డాయో చూస్తే ఎక్కువ భాగం విండోస్ మెమరీ చాలనప్పుడు తాత్కాలికంగా వాడుకునే స్వాప్ ఫైల్‌లోనే. తీసిన కాపీని (ఇమేజ్) చదవడానికి మాత్రమే వీలయ్యేలా మౌంట్ చేసి ఫోల్డర్లు చూశాను. బాబాయి పేరుతో ఒక డైరెక్టరీ, అందులో టెక్స్ట్ ఫైళ్ళు. వెంటనే ఫోన్ చేశాను. "దొరికాయా? అన్నీనా?" అని కాసేపు ఏమీ మాట్లాడలేదు, ఆ తరవాత అసలు ప్రశ్న అడిగాడు, "సరే, ఇక మెషీన్ సంగతి ఏమిట్రా?"

సీమాస్ సెల్

డేటా చేతికొచ్చింది కాబట్టి ఇక మెషీన్‌తో ధైర్యంగా పని చెయ్యొచ్చు.

గడియారాన్ని, సెట్టింగులని గుర్తుంచుకునే బ్యాకప్ సెల్ దీనిలో సీఆర్2025, నల్ల తొడుగులో పెట్టి, రెండు సన్నటి వైర్లతో చిన్న కనెక్టర్‌కి కలిపి ఉంటుంది. మీటర్ పెడితే 0.4 వోల్టులు. 3 ఉండాలి. మార్కెట్లో ప్రతి కిరాణా కొట్లోనూ దొరికే సీఆర్2032 కూడా 3 వోల్టులదే గానీ 3.2 మిల్లీమీటర్ల మందం, 2025 అయితే 2.5. ఆ 0.7 మిల్లీమీటరు కోసం మూత ఉబ్బి నిలబడుతుంది.

కొత్త సెల్‌కి వైర్లు నేరుగా సోల్డర్ చెయ్యకూడదు. ఆ వేడికి సెల్ సీలు పాడవుతుంది, ఒక్కోసారి పేలుతుంది కూడా. ట్యాబ్‌లు వెల్డ్ చేసిన సెల్ తెచ్చి, పాత కనెక్టర్ వైర్లని ఆ ట్యాబ్‌లకి సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే హీట్‌ష్రింక్ గొట్టం తొడిగాను. ఎర్రవైరు ఏ వైపుదో పాతది కోసేముందే ఫోటో తీసి పెట్టుకున్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ బిళ్ళ సెల్ చచ్చినా బోర్డుని ఏమీ చెయ్యదు. 90ల లాప్‌టాప్‌లు చాలావాటిలో మాత్రం దీని చోట నికెల్ క్యాడ్మియం లేదా నికెల్ మెటల్ హైడ్రైడ్ చిన్న ప్యాక్ ఉంటుంది, అది పొటాషియం హైడ్రాక్సైడ్ కారుస్తుంది, ఆ క్షారం రాగి గీతల్ని తినేస్తూ చిప్ కాళ్ళ కిందికి, బోర్డు పొరల మధ్య రంధ్రాల్లోకి పాకుతుంది. విజయవాడలో ఉన్న స్నేహితుడు ఒకడు 486 ప్రాసెసరున్న పాత లాప్‌టాప్ పంపించాడు, పైకి కొత్తదానిలా మెరుస్తోంది, కీబోర్డు లేపి చూస్తే ఒక మూలంతా నీలంగా పూసింది. దానికి నేను చేసే పద్ధతి: ప్యాక్ కత్తిరించి తీసేయడం, ఆ చోట కొంచెం వెనిగర్ అద్ది బుసబుస ఆగేదాకా ఉంచడం, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఐసోప్రొపైల్‌తో తడి లాగేయడం, ఆ తరవాత ఒక్కో గీతనీ మీటర్‌తో బీప్ చేసుకుంటూ తెగినచోట ఎనామిల్ వైరు వేయడం. రోజుల తరబడి పని. మీ దగ్గర 90ల మొదటి, మధ్య కాలం లాప్‌టాప్ ఏదైనా ఉంటే, ఇంకేమీ చెయ్యకపోయినా సరే, ఆ ప్యాక్ ఒక్కటీ ఈ వారమే తీసేయండి.

మొదటి వెలుగు

కరెంటు పరిమితిని 2 ఆంపియర్లకి పెంచి బటన్ నొక్కాను. ఒక ఆంపియర్ చుట్టూ లాగింది, బీప్, తెర మీద ఐబీఎం లోగో, మెమరీ లెక్క. తరవాత 161, దాని కింద 163. మొదటిది బ్యాకప్ బ్యాటరీ చచ్చిందని, రెండోది తేదీ సమయం పెట్టలేదని. సెల్ మార్చాక కూడా మొదటిసారి ఇవి కనపడటం సహజమే. ఎఫ్1 పట్టుకుని ఈజీ-సెటప్‌లోకి వెళ్ళి తేదీ పెట్టి, మళ్ళీ ఆన్ చేస్తే రెండూ పోయాయి.

అన్నిటికంటే టెన్షన్ పెట్టింది ఆ సెటప్ తెర తెరుచుకునే ముందు క్షణం. థింక్‌ప్యాడ్‌లలో పవర్-ఆన్ పాస్‌వర్డ్ మర్చిపోతే పోగొట్టే దారి ఉంది, సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అలా కాదు. అది విడిగా ఒక ఈఈప్రామ్ చిప్‌లో ఉంటుంది, సెల్ తీసినా పోదు. మర్చిపోతే మదర్‌బోర్డు మార్చుకోవాలన్నది ఐబీఎం అధికారికంగా ఇచ్చిన జవాబు. ముందే బాబాయిని అడిగాను, "ఏమైనా పాస్‌వర్డ్ పెట్టావా బాబాయ్?" అని. "పెట్టే ఉంటాను, ఆఫీసు వాళ్ళు చెప్పారు అప్పట్లో," అన్నాడు. అదృష్టం, తెర నేరుగా తెరుచుకుంది. పాత థింక్‌ప్యాడ్ కొనేవాళ్ళు డబ్బులిచ్చే ముందు ఎఫ్1 నొక్కి సెటప్‌లోకి వెళ్ళనిస్తుందో లేదో చూసుకోవాలి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో అమ్మేవాళ్ళు బ్యాటరీ లేదు, చూపించలేం అంటారు, అలాంటప్పుడు ధర ఆ రిస్కుకి తగ్గట్టు ఉండాలి.

సెటప్‌లోనే టెస్ట్ అనే బొమ్మ ఒకటుంది. మెమరీ, కీబోర్డు, పోర్టులు అన్నీ ఒక రౌండు నడిపించాను. కీబోర్డులో ఒక్క కీ తప్ప అన్నీ పాసయ్యాయి. పాతికేళ్ళ తరవాత, మళ్ళీ చెప్తున్నాను, చిప్‌లన్నీ పాస్.

తెర

ఆన్ చేసిన మొదటి నిమిషాల్లో తెర గులాబి రంగులో ఉంటోంది, మెల్లగా తెల్లబడుతోంది. వెనక వెలుగిచ్చేది ఎల్‌ఈడీ కాదు, సీసీఎఫ్‌ఎల్ అనే సన్నటి గాజుగొట్టం, ట్యూబ్‌లైటుకి బుల్లి తోబుట్టువు. అది ముసలిదైతే మొదట ఎర్రబారుతుంది. తెర మొత్తం చీకటిగా ఉండి, టార్చి ఏటవాలుగా వేస్తే బొమ్మ మసగ్గా కనపడుతుంటే గొట్టమైనా పోయి ఉంటుంది, దానికి కరెంటిచ్చే ఇన్వర్టర్ బోర్డైనా పోయి ఉంటుంది. ఇన్వర్టర్ వందల వోల్టులు ఇస్తుంది, గొట్టాన్ని వెలిగించే క్షణంలో వెయ్యి దాటుతుంది, కాబట్టి తెర చట్రం తీసి ఉన్నప్పుడు పవర్ ఇచ్చి వేలు పెట్టకూడదు.

గొట్టం మారుద్దామా అని ఆలోచించి వదిలేశాను. సన్నటి గాజు, వైర్లు దాని చివర్లకే సోల్డర్ అయి ఉంటాయి, లోపల పాదరసం. తెర తెల్లబడుతున్నంత కాలం దాని జోలికి పోను.

విప్పుడు

కీబోర్డు తీయడానికి అడుగున స్క్రూలు విప్పుతుంటే ఒకటి మిగతావాటికంటే పొడుగ్గా వచ్చింది. ఎప్పుడో ఒక రిపేరు షాపులో చూపించామని బాబాయి చెప్పాడు, వాళ్ళు స్క్రూలు కలిపేసినట్టున్నారు. ఆ పొడుగు స్క్రూ లోపల్నుంచి చేతులానించే చోటు ప్లాస్టిక్‌ని పొడిచి చిన్న బుడిపె తెచ్చింది. నేను మందపాటి అట్ట మీద లాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ రంధ్రంలో స్క్రూ ఆ చోటే గుచ్చి పెడతాను. ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలీదు.

ప్లాస్టిక్ విషయంలో చెయ్యి చాలా తేలిగ్గా ఉండాలి. ఇత్తడి గింజలు పట్టుకుని ఉండే చిన్న స్తంభాలు ఈ వయసుకి పెళుసెక్కుతాయి, మూత కీళ్ళలోని గ్రీజు గట్టిపడి బిగుసుకుంటుంది. ఈ రెండూ కలిశాయంటే మూత తెరిచిన ప్రతిసారీ ఆ బలమంతా స్తంభాల మీద పడి టక్కున విరుగుతాయి. అందుకే మూతని రెండు చేతులతో, రెండు మూలలూ పట్టుకుని తెరుస్తున్నాను. కీళ్ళ సందులో కొత్త గ్రీజు వేసి నెమ్మదిగా ఆడించాక కొంచెం వదులైంది.

జాక్ దగ్గర అనుకున్నట్టే ఒక కాలి చుట్టూ సోల్డర్‌లో వెంట్రుక మందాన గుండ్రటి పగులు, భూతద్దంలో చూస్తే గానీ తెలీదు. ఇది సీసం కలిసిన సోల్డరే, సీసం వాడకూడదన్న యూరప్ నిబంధన 2006 జులైలో అమల్లోకి వచ్చింది, ఇది అంతకు ఎన్నో ఏళ్ళ ముందుది. 183 డిగ్రీల దగ్గరే కరుగుతుంది కాబట్టి పని సుఖం. ఫ్లక్స్ రాసి, పాతది కొంత పీల్చేసి, కొత్త సీసం సోల్డర్ పోశాను. ఇప్పుడు పిన్ను ఎటు కదిపినా రీడింగు కదలట్లేదు.

ప్రాసెసరు ఒక చిన్న బోర్డు మీద ఉంటుంది, ఇంటెల్ దాన్ని ఎంఎంసీ-2 అంది, 400 పిన్నుల కనెక్టర్‌తో మదర్‌బోర్డు మీద కూర్చుంటుంది, ప్రాసెసరుని మెమరీతో కలిపే నార్త్‌బ్రిడ్జ్ చిప్ కూడా దాని మీదే. మెషీన్ ఉన్నట్టుండి ఆగిపోతుంటే దీన్ని ఒకసారి తీసి, కనెక్టర్ శుభ్రం చేసి తిరిగి నొక్కితే బాగుపడటం నేను చూశాను. ఎండిపోయి పెంకులా మారిన థర్మల్ ప్యాడ్ గీకి అదే మందం కొత్తది వేశాను. ఇక్కడ పేస్టు వేస్తే చాలదు, మధ్యలో ఖాళీ ఉంటుంది, ప్యాడే కావాలి. ఫ్యాన్ తిరుగుతోంది గానీ గరగరమంటోంది. దాని మధ్యలో స్టిక్కర్ లేపి ఒక్క చుక్క కుట్టుమిషను నూనె, అంతే, శబ్దం పోయింది.

మూత మీది జిగురు

థింక్‌ప్యాడ్‌కి ఆ మెత్తటి నల్ల పూత పెద్ద అందం. ఇన్నేళ్ళ తేమకి అది చేతికి అంటుకుంటోంది. పాలీయురెథేన్ పూతలు నీటి ఆవిరితో ఇలాగే విడిపోతాయి, కాకినాడ గాలికి ఇంకా తొందరగా. తడిగుడ్డతో తుడిస్తే మరకలు పడతాయి తప్ప పోదు. ఐసోప్రొపైల్‌తో చిన్న చిన్న చోట్ల రుద్దుతూ జిగురైనంత మేర తీశాను, బాగున్నంత మేర వదిలేశాను. ఇప్పుడు మూత రెండు రకాల నలుపులో ఉంది, రంగు వేసే ఉద్దేశం లేదు.

కీబోర్డు మధ్యలో మౌస్‌లా వాడే ట్రాక్‌పాయింట్ ఎర్ర టోపీ కూడా కరిగి జిడ్డైంది, దాన్ని మార్చాను. ఇప్పటి పల్చటి మోడళ్ళ టోపీ దీనికి కూర్చోదు, పాత ఎత్తుదే అడిగి కొనాలి.

మెమరీ, డిస్క్, విండోస్

బోర్డుకి సోల్డర్ అయిన మెమరీ కాక రెండు స్లాట్లున్నాయి. ఇంట్లో ఉన్న 256 ఎంబీ మాడ్యూల్ పెడితే 128 మాత్రమే చూపిస్తోంది. మాడ్యూల్ మంచిదే, 440బీఎక్స్ చిప్‌సెట్ 128 మెగాబిట్ చిప్‌ల వరకే చూడగలదు, ఎనిమిది పెద్ద చిప్‌లతో చేసిన 256 అయితే సగమే కనపడుతుంది. పదహారు చిప్‌లున్న పాత రకం వెతుక్కోవాలి. మాడ్యూల్ కాళ్ళని పెన్సిల్ రబ్బరుతో రుద్దే అలవాటు మన దగ్గర ప్రతి షాపులో ఉంది. పైన ఉన్న బంగారు పూత చాలా పల్చన, రుద్దిన కొద్దీ పోతుంది. ఐసోప్రొపైల్ తడిపిన దూదిపుల్ల చాలు.

అసలు డిస్క్‌ని తీసి సంచిలో పెట్టేశాను, దాని పని అయిపోయింది. దాని బదులు 44 పిన్నుల అడాప్టర్‌లో 8 జీబీ కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు. కాంపాక్ట్ ఫ్లాష్ పుట్టుకతోనే ఐడీఈ భాష మాట్లాడుతుంది, అడాప్టర్ అంటే దాదాపు వైర్లే, మధ్యలో తెలివైన చిప్ ఏదీ అక్కర్లేదు. 8 జీబీయే ఎందుకంటే ఆ కాలం బయోస్‌లకి, బూట్ ఫ్లాపీల్లోని పాత పనిముట్లకి 8.4 జీబీ దగ్గర ఒక గోడ ఉంటుంది, దానికి లోపల ఉంటే ఏ పేచీ రాదు. కార్డు కొనేటప్పుడు అది తనను ఫిక్స్‌డ్ డిస్క్‌గా చెప్పుకునే రకమో కాదో చూసుకోవాలి, తీసిపెట్టే డిస్క్‌గా చెప్పుకునేవాటితో విండోస్ మొరాయిస్తుంది.

విండోస్ 98 సెకండ్ ఎడిషన్ వేశాను. సీడీ డ్రైవ్ మొదట చదవలేదు, లెన్సు మీద దూదితో ఒకసారి తుడిచాక చదివింది. సౌండు చిప్ క్రిస్టల్ సీఎస్4610, దానితో పాటు సీఎస్4239, ఈ రెండింటి జోడీకి సరైన డ్రైవర్ కావాలి, ముందే డౌన్‌లోడ్ చేసి కార్డులోకి కాపీ చేసి ఉంచాను. ఆ స్టార్టప్ మ్యూజిక్ ఈ స్పీకర్లలోంచి వినడం చాలా సంతోషంగా అనిపించింది.

ఉత్తరాలు

ఫైళ్ళు తెరిస్తే అంతా ఇంగ్లీషు అక్షరాలే, కానీ చదివితే తెలుగు. మధ్యలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లెక్క ప్రకారం కలిసి ఉన్నాయి. ఇది ఆర్‌టీఎస్, హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో ఉన్న తెలుగువాళ్ళు 90ల మొదట్లో తయారుచేసిన పద్ధతి. యూనికోడ్‌లో తెలుగు రాయడం మామూలైపోక ముందు, అమెరికాలోని తెలుగు విద్యార్థులు, ఇంజనీర్లు ఇంటర్నెట్‌లో మాట్లాడుకున్నదంతా చాలావరకు ఇందులోనే. విండోస్ 98కి తెలుగు రాదు, ఎక్స్‌పీతో గౌతమి ఫాంట్ వచ్చాకే మైక్రోసాఫ్ట్ దారిన తెలుగు కనపడింది. అలాంటి రోజుల్లో ఇలా రాసుకోవడం వల్లే ఈ ఫైళ్ళు ఈ రోజు చదవగలుగుతున్నాం. అప్పటి ఏదో ఒక ఫాంట్‌లో రాసి ఉంటే, ఆ ఫాంట్ వెతికి, దాని గుప్తం విప్పే పని ఇంకోటి మిగిలేది.

ఇంగ్లీషు అక్షరాల తెలుగుని తెలుగు లిపిలోకి మార్చే లేఖిని అనే వెబ్‌సైటు తెరిచి ఒక ఫైలు మొత్తం కాపీ చేసి అతికించాను. లేఖిని కూడా ఆర్‌టీఎస్ దారిలోదే, కాబట్టి ఉత్తరం ఉత్తరంగా తెలుగు లిపిలోకి మారిపోయింది. అక్కడక్కడ బాబాయి సొంతంగా వాడిన స్పెల్లింగులు సరిచేయాల్సి వచ్చింది, ముఖ్యంగా ణ, ళ, సున్నాల దగ్గర. మా తాతయ్యకి రాసినవి ఎక్కువ, డబ్బు లెక్కలు, మంచు గురించి, వండుకున్న పప్పు గురించి. ప్రింటు తీసి కాకినాడ పోస్టులో పంపించాను, ఫైళ్ళ కాపీలు రెండు వేరువేరు చోట్ల ఉంచాను.

మిగిలిన పని

బ్యాటరీ ప్యాక్‌లో కొత్త సెల్స్ వేయమని ఒకరిద్దరు అన్నారు. వెయ్యను. ఇలాంటి ప్యాక్‌లలో లోపల ఒక కొలత చిప్ ఉంటుంది, సెల్స్ మధ్యలో వోల్టేజి తెగితే అది తాళం వేసుకోవడమో, పాత సామర్థ్యాన్నే చెప్తూ ఉండటమో చేస్తుంది. అంత చేసినా మిగిలేది బల్ల మీదే ఉండే మెషీన్‌కి గంటన్నర బ్యాటరీ. బ్యాటరీ ఉండే ఖాళీ చోట బరువు కోసం ఏమీ పెట్టలేదు.

ఫెయిలైన కీ కుడివైపు షిఫ్ట్. కింద రబ్బరు కప్పు చిరిగింది. పాడైపోయిన కీబోర్డు ఒకటి దొరికితే దాన్నుంచి ఆ కప్పు, కీని పట్టుకునే కత్తెర ఆకారపు ముక్కలు తీసి వెయ్యాలి, సీటీసీలో ఒక స్క్రాప్ కొట్టాయన చూస్తానన్నాడు. అంతదాకా ఎడమ షిఫ్ట్‌తో నడుస్తోంది. మెషీన్‌ని సిలికా జెల్ సంచులతో మూతున్న ప్లాస్టిక్ డబ్బాలో పెడుతున్నాను, నెలకోసారి తీసి గంటసేపు ఆన్ చేస్తాను. విజయవాడ నుంచి వచ్చిన 486 బోర్డులో ఇంకా సగం గీతలు బీప్ చేయాల్సి ఉంది, వచ్చే శనివారం దాని వంతు.